మొదటి ఇరవై సెకన్లు

ఆ ఇరవై సెకన్ల ముక్క మీరూ చూశారు. బుకాయించకండి. చూసి, ఇంకో గ్రూపులో పడేశారు కూడా.

నేను చెప్పే మీడియా కోర్సులో సుప్రియ ప్రాజెక్టుగా తీసిన పాట అది. సినిమా కెమెరా ఆడదాని నడుము చుట్టూ ఎలా తిరుగుతుందో మొదటి సగంలో తన మీదే తీసి చూపించింది. రెండో సగంలో అదే కెమెరాను భీమవరంలో ఐసు మోసే మగవాళ్ల నడుముల మీద తిప్పింది. చూసేవాడు సిగ్గుపడాలన్నది ఆ పిల్ల వాదన.

ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో నా దగ్గరికొచ్చి లోపల గడియ వేసింది.

"అన్నయ్య గేటు దగ్గరున్నాడండి. చదివింది చాలు, ఇంటికి పద అంటున్నాడు. వెళ్తే మళ్లీ పంపరండి, సార్."

"అతనికి రెండో సగం చూపించమ్మా."

"చూపించానండి. నీ నడుము ముందే ఊరంతా చూసిందిగా అన్నాడండి."

పాఠానికి చక్కటి ఉదాహరణ అని ఆ ముక్క కోసి కాలేజీ గ్రూపులో పెట్టింది నేనే.

నా డిమాండ్లు ఇవి:

ఆ ముక్కను ఫోన్లలోంచి తీసేయాలి.

పాట మొత్తం చూడాలి.

సుప్రియ చదువు ఆగకూడదు.

గేటు దగ్గర సంజాయిషీ నన్నే అడగాలి.