మోగే పైపు

“ఇదిగో, మళ్ళీ! విన్నావా?” అన్నాడు సుధాకరరావు, వంటింటి కుళాయి టక్కున కట్టేసి.

భద్రయ్య వినలేదు. ఆయన పెదాలు చూశాడు, నొసలు చిట్లించిన తీరు చూశాడు, గబగబా తలాడించాడు.

“ఏటి సార్ ఈ మోత! గోడలు అదిరిపోతన్నాయి.”

“అంతుందా?”

“మరేటి సార్! ఇన్నాళ్ళూ ఎలాగ భరించారో గానీ.”

దేశం కాని దేశంలో, తువాస్‌ షిప్‌యార్డులో ఓడల ఆవిరి పైపులు బిగించడం భద్రయ్య పని. ఆవిరి వెళ్ళే దారిలో కాసిని నీళ్ళు నిలిచాయంటే చాలు, లోపల ఎవడో సమ్మెట పుచ్చుకుని బాదుతున్నట్టు మోగుతుంది పైపు. ఆ మోతల్లోనే బతికాడు. ఆ మోతలే చెవుల్ని తినేశాయి. ఎడమది ఎప్పుడో పోయింది. కుడిదాంట్లో మిగిలిన కాస్తా ఈ వానాకాలంతో పోయింది. డార్మిటరీలో పక్క మంచం రమణకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఉన్న పెళ్ళాం నూకాలమ్మకీ తెలియదు. ఫోనులో మొహం కనబడితే గానీ మాట్లాడడు. “నిన్ను సూడకుండా మాట్టాడితే తిండి సయించదే” అంటాడు. ఆ పిచ్చిది మురిసిపోతుంది.

వచ్చే వారమే యార్డులో చెవుల పరీక్ష. క్రితంసారి నర్సు వేలు మీట మీద పడ్డప్పుడల్లా చెయ్యెత్తి గట్టెక్కాడు. ఈసారి నాలుగు పక్కలా మూసేసిన గదిలో కూర్చోబెడతారట. తప్పినవాణ్ణి విమానం ఎక్కించేస్తారు. కూతురు లత నర్సింగు చదువు చూస్తే ఇంకా సగంలోనే ఉంది.

ఇలాంటప్పుడు యార్డు సేఫ్టీ ఆఫీసరు సుధాకరరావు, అందులోనూ తెలుగాయన, తనంత తనే పిలిచాడు. “మా ఫ్లాట్ పాతదయ్యా. పైపులు ఒకటే మోత. ఆదివారం ఓసారి వచ్చి చూడు. ఆ తర్వాత నీ సంగతి నేను చూస్తాను” అన్నాడు. భద్రయ్యకి దేవుడే పిలిచినట్టయింది. జురాంగ్ వెస్ట్ బస్సెక్కి పొద్దున్నే వచ్చి వాలాడు.

“ఎక్కణ్ణుంచంటావ్?” అడిగాడు సుధాకరరావు.

భద్రయ్య గోడ వెంట పాకిన పైపు మీద అరచెయ్యి ఆనించాడు. “ఓపాలి ఇప్పి కట్టండి సార్.”

ఆయన కుళాయి విప్పాడు, కట్టాడు.

చెవులు పోయిన దగ్గర్నుంచీ ఆ చెయ్యే భద్రయ్యకి చెవి. పైపు ఏ మాత్రం ఉలిక్కిపడ్డా దానికి తెలిసిపోయేది. ఇప్పుడేమో పైపు చచ్చిన పాములా పడి ఉంది. మోచెయ్యి ఆనించాడు. నుదురు ఆనించాడు. ఉహుఁ. భద్రయ్యకి చెమటలు పోశాయి. చెవులు పోతే పోయాయి, ఇప్పుడు చేతులు కూడానా?

“ఏం, తెలీడం లేదా?”

“తెలకపోడమేటి సార్! ఇదిగో, ఈ వంపు కాడ. ఎవడో లోపల కూకుని కొడతన్నట్టు లేదూ?”

సుధాకరరావు భార్య సత్యవాణి కాఫీ తెచ్చింది. అతని మొహంలోకి చూడకుండా గట్టు మీద పెట్టింది.

“పాపం, అమ్మగారికి తలనొప్పి వచ్చీసినట్టుంది ఈ మోతకి.”

“నా వల్ల కాదండీ ఇది,” అని ఆవిడ మొగుడితో అని, చరచరా హాల్లోకి వెళ్ళిపోయింది. అక్కడ సోఫా మీద వాళ్ళ పసిది గుప్పెళ్ళు బిగించి ఆదమరచి నిద్రపోతోంది.

“ఇంత గోల్లో గుంట ఎలా పడుకుంటందో!” నవ్వాడు భద్రయ్య.

“దానికి అలవాటే” అని సుధాకరరావు ఫ్రిజ్ తెరిచి అటు తిరిగాడు. ఆయన దవడ కదులుతోంది.

“అలాగే సార్” అన్నాడు భద్రయ్య. వెనక నుంచి ఎవరేమన్నా అతను అనే మాట అదొక్కటే. యార్డులో ఇన్నేళ్ళూ దాంతోనే నెట్టుకొచ్చాడు.

సుధాకరరావు ఇటు తిరిగాడు. “పైపులు మొత్తం పీకేద్దామా అనడిగితే అలాగే అంటావేమయ్యా?”

“మీరు పీకమంటే నాను కాదంటానేటి సార్!”

“మొన్న క్రేను హారన్ కొట్టినా కదల్లేదట నువ్వు. రమణ పక్కకి లాగకపోతే ఏమయ్యేవాడివి?”

“ఎండకి కళ్ళు తిరిగినాయి సార్. హారన్ ఇనబడకేం!”

ఇంక మాటలు పెంచకుండా భద్రయ్య పనిలో దిగాడు. క్లాంపులన్నీ బిగించాడు. గోడకీ పైపుకీ మధ్య రబ్బరు ముక్కలు కుక్కాడు. వాల్వు కాస్త తిప్పి నీటి జోరు తగ్గించాడు. ప్రతిసారీ సుధాకరరావు కుళాయి కట్టి చూపించేవాడు. పైపు మీద నమ్మకం పోయిన భద్రయ్య ఆయన కనుబొమలే చూసేవాడు. అవి ముడిపడితే మోత ఉన్నట్టు. ఈ ఒక్క గండం గడిస్తే లత చదువు గట్టెక్కుతుంది.

ఆఖరిసారి కుళాయి కట్టాక కనుబొమలు ముడిపడలేదు.

“ఇంకా ఉందా?” అడిగాడు సుధాకరరావు.

“లేదు సార్! పోనాది.”

“నిజంగా?”

“నిజం సార్. ఇందాకటి మోతేటి, ఇప్పుడేటి! ఎంత నిమ్మళంగా ఉందో మీరే సూడండి.” రెంచి కింద పెట్టి చేతులు జోడించాడు. “ఇంక నా సంగతి మీదే భారం సార్. నా చెవులు నిచ్చేపంలా ఉన్నాయని కళ్ళారా సూసినారు. పరీక్ష కాడ ఓ మాట సెప్పండి.”

సుధాకరరావు అతని రెండు భుజాలూ పట్టుకుని తనకేసి తిప్పుకున్నాడు. పెదాలు బాగా కనబడేలా, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

“మా పైపులు ఎప్పుడూ మోగలేదు, భద్రయ్యా.”