దయాకర్‌కు కనిపించిన ఫంగస్

"సూడు బాబూ, నీ దాంట్ల గూడ పడ్తది" అంటూ పెద్దాయన తన కెమెరా లెన్సు ఊడదీసి దయాకర్ చేతిలో పెట్టాడు.

దయాకర్ నెట్‌లో బొమ్మలు చూసి చూసి, దొరకదని ఆశ వదులుకున్న లెన్సు అది.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఇరానీ హోటల్లో ఆదివారం పొద్దున కెమెరా పిచ్చోళ్లంతా కలుస్తారు. చాయ్ కప్పులు పక్కకు జరిపి, ఎవరి లెన్సులు వాళ్లు బల్ల మీద పెడతారు. ఎవరికి ఏది నచ్చితే అది ఇంటికి పట్టుకెళ్లి, వారం వాడుకుని తెచ్చివ్వాలి. అదీ వాళ్ల పద్ధతి.

ఆ బల్ల దగ్గర ఇన్నాళ్లూ దయాకర్‌దే పెత్తనం. మిగతావాళ్లవి మెడ గుంజే పెద్ద కెమెరాలు. అతనిది జేబులో పట్టేది. ముందుభాగం సబ్బుపెట్టెలా జారి ఊడొస్తుంది, కావలసిన ఇంకో భాగం తగిలించుకోవచ్చు. అలాంటి ఒక భాగానికి, చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసుకునే పాతకాలపు లెన్సులు కూడా పడతాయి. ఎవరికే అనుమానమొచ్చినా "దయాకరన్నను అడుగున్రి" అనేవారు.

మెట్రో పిల్లర్లు లేస్తున్న ఆ ఏడాదిలో ఈ పెద్దాయన వచ్చాడు. పేరు అచ్యుతరావు. నాచారంలో కూతురి దగ్గర ఉంటున్నానన్నాడు. జేబులోంచి తీసింది సరిగ్గా అదే రకం కెమెరా.

"గీ లెన్స్ యాడ దొరికింది సార్?" చిదంబరం చాయ్ వదిలేసి లేచాడు.

"దొరుకుడేంది. నా పెండ్లికి ముంగట కొన్న. గప్పటి సంది నాతోనే ఉంది."

దయాకర్ ఆ లెన్సును తన కెమెరాకు తగిలించాడు. ఎదురుగా గౌతమి చాయ్ ఊదుకుంటోంది. రింగు మెల్లగా తిప్పి, బటన్ నొక్కాడు.

గౌతమి కెమెరా లాక్కుని చూసుకుంది.

"నేను గిట్లుంటనా అన్నా? ఇన్నేండ్ల సంది నువ్వొక్కటన్న గిసొంటి ఫోటో తీసినవా? లెన్స్ మస్తుంది సార్."

తీసింది దయాకర్. మెప్పు లెన్సుకు, లెన్సుతోపాటు ముసలాయనకు. దయాకర్‌కు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అచ్యుతరావు వచ్చాడు. తన కెమెరా జేబులోంచి తీసేవాడే కాదు. లెన్సు మాత్రం అందరి చేతికీ ఇచ్చేవాడు, వాళ్లు తీస్తుంటే పక్కన కూర్చుని ముచ్చట పడేవాడు. కొన్ని వారాలకే "సార్ను అడుగున్రి" అనే మాట పుట్టింది.

దయాకర్ కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. ఆ లెన్సు ఒక్క వారం ఇంటికి తెచ్చుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ అడిగితే తక్కువైపోతానని అడగడు.

ఒకరోజు చిదంబరం దాన్ని తీసుకుపోదామని చెయ్యి చాచాడు.

"జర ఆగు" అన్నాడు దయాకర్. "లైట్ ఏసి సూసినవా?"

ఫోను లైటు వెనక నుంచి పెట్టి గాజులోకి చూశాడు. లోపల ఒకటి రెండు దుమ్ము నలుసులు. దుమ్మేనని అతనికి తెలుసు.

"ఫంగస్" అన్నాడు.

బల్ల మీద ఎవరి లెన్సులు వాళ్లు గబగబా వెనక్కి లాక్కున్నారు. గాజుకు ఆ బూజు పట్టిందంటే, పక్కన ఉన్నవాటికీ అంటుకుంటుందని వాళ్ల భయం.

అచ్యుతరావు లెన్సును ముక్కుకు ఆనించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకైతే అవుపడ్తలేదు. ఖాయమేనా బాబూ?"

అప్పుడైనా మాట మార్చుకోవచ్చు. దయాకర్ మార్చలేదు.

"ఖాయం సార్. అంచుకు దారాల లెక్క ఉంది."

"నువ్వన్నవంటే ఉంటది" అన్నాడు పెద్దాయన. లెన్సును రుమాల్లో చుట్టుకుని లేచాడు. "అందరి సామాన్ల నడుమ పెడ్తి. తెల్వక జేసిన, ఏమనుకోకున్రి."

మళ్లీ ఆయన రాలేదు.

దయాకర్‌కు ప్రాణం హాయిగా ఉంది, కొన్నాళ్లు. పెత్తనం మళ్లీ చేతికొచ్చింది. కానీ మనసు ఆ లెన్సును వదల్లేదు. ఫంగస్ పట్టిందన్నదాన్ని ఎవరు మాత్రం దాచుకుంటారు? సాఫు చేయించుకుంటానంటే ఉత్త పుణ్యానికే ఇచ్చేస్తాడు. ఈ ఉపాయం తట్టగానే తన తెలివికి తనే మురిసిపోయాడు.

చిదంబరం చెప్పిన గుర్తులు పట్టుకుని నాచారం వెళ్లాడు. అచ్యుతరావు కూతురు తారామణి తలుపు తీసింది.

"సార్ ఉన్నడా అక్కా? నేను దయాకర్‌ను. ఉప్పల్ల ఆదివారం కలుస్తుంటిమి."

ఆమె మొహం విప్పారింది. "దయాకర్ అంటే నువ్వేనా తమ్మీ? రా, కూసో. నాయిన దవాఖానకు పోయిండు."

మంచినీళ్లు తాగి, మెల్లగా అసలు సంగతి ఎత్తాడు.

"సార్ కాడ ఒక లెన్స్ ఉండె గద. ఫంగస్ది. వద్దనుకుంటే నేను తీస్కపోత."

"అయ్యో, అదింక యాడిది తమ్మీ. నువ్వు జెప్పిన దినమే ఇంటికొచ్చి చెత్తబండిల ఏసిండు. సాఫు జేయించినా మల్లొస్తదట గద. గిప్పటికి జవహర్‌నగర్ చెత్తగుట్టల కింద ఉంటది."

దయాకర్ కుర్చీలోంచి లేచాడు.

"గంత మంచి లెన్స్... పారేసుడేంది అక్కా? తన కాడనే ఉంచుకుంటే ఏమాయె?"

"ఉంచుకుని ఏం జేస్తడు తమ్మీ, నాయినకు చూపు మెల్లమెల్లగ పోవట్టి యాడాది దాటె. మొదటి దినం నువ్వు రింగు తిప్పిన తీరు జూసి, ఇది గా పిలగానికే ఇస్త, నా తర్వాత వాడే తియ్యాలె అన్నడు. పాడైంది ఇస్తే నీ తాన ఉన్నయి గూడ ఖరాబైతయని పారేసిండు."