చెవుల పరీక్ష

ఎంత పిలిచినా పలకని అత్తగారిని కోడలే చెవుల పరీక్షకు తీసుకొచ్చింది.

అత్తగారిని గాజు గదిలో కూర్చోబెట్టారు. కోడలు బయట, పరీక్ష చేసే అమ్మాయి పక్కన నిలబడింది.

"అన్నీ చిన్న చిన్న ఇంగ్లీషు మాటలేనండీ, వినడానికి ఒకేలా ఉంటాయి. అర్థం చెప్తే చాలు," అంది ఆ అమ్మాయి మైకులో.

"ఆవిడకి తలుపు బాదినా వినపడదమ్మా," అంది కోడలు.

"పిన్."

"పిన్నీసు," అన్నారు అత్తగారు.

"బిన్."

"చెత్తబుట్ట."

కోడలు గాజుకు దగ్గరగా జరిగింది. ఆ అమ్మాయి గొంతు బాగా తగ్గించింది.

"లివ్."

"ఉండటం."

"లీవ్."

"వెళ్లిపోవడం."

నిన్న వంటింట్లో అత్తగారు కూర తరుగుతుంటే, పక్కనే నిలబడి కోడలు ఫోన్లో చెల్లెలితో అంది: "ఈవిడ ఇంకెన్నాళ్లుంటుందో, ఎప్పుడు వెళ్లిపోతుందో! నా ప్రాణం తోడేస్తోందే."

నిన్న ఒక్కరోజేనా?

"చెవులు భేషుగ్గా ఉన్నాయండీ," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

బయటికొచ్చాక మెట్ల దగ్గర కోడలు తలెత్తలేకపోయింది. "అత్తయ్యా... మరి ఇన్నాళ్లూ వినపడనట్టు..."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్టు దిగారు.

"వినపడుతుందని తెలిస్తే ఆ నాలుగు మాటలూ దిగమింగుకుంటావు కదే. మా అత్తగారివి పాము చెవులు. ఆవిడున్నన్నాళ్లూ నా గోడు గోడక్కూడా చెప్పుకోలేకపోయాను."