కడిగిన కుర్చీ

“కుర్చీ మళ్ళీ కడిగారా అత్తయ్యా? డాక్టరమ్మ వంగొద్దంది కదా.”

“వంగలేదు. నిలబడే నీళ్ళు పోశాను.”

“అతను కూర్చుని వెళ్ళి వారమైంది.”

“ఇవాళ మళ్ళీ వస్తున్నాడుగా. తడి కుర్చీలో ఎంతసేపు కూర్చుంటాడో చూద్దాం.”

కోడలు కొంగుతో కుర్చీ తుడవబోయింది. “అది ఉతికిన చీర,” అంది నానమ్మ. కోడలు నిట్టూర్చి పాత తువ్వాలు కోసం లోపలికి వెళ్ళింది.

వంటింటి గుమ్మంలోంచి మనవరాలు అందుకుంది. “అతనిది మంచి ఉద్యోగం నానమ్మా. మురుగునీళ్ళు పరీక్షించి, ఊళ్ళో ఏ జబ్బు ఎక్కడ తిరుగుతోందో ముందే కనిపెట్టే ల్యాబ్.”

“కనిపెట్టనీ. ఆ కనిపెట్టేదేదో కాలువల్లో సీసాలు ముంచకుండా కనిపెట్టొచ్చుగా.”

సబ్బుని కూడా ఒకసారి కడిగి గానీ చేతికి రాసుకోని మనిషి నానమ్మ. తను పెంచిన మనవరాలు మురుగుకాలువల వెంట సీసాలు పట్టుకు తిరిగేవాణ్ణి ఇష్టపడిందని తెలిసిన రోజు ఇల్లంతా ఫినాయిల్ వాసన వేసింది. అతనికి సీసాల అబ్బాయి అని పేరు పెట్టింది ఆవిడే. నానమ్మ ఊఁ అంటే తప్ప పెళ్ళి చేసుకోనని మనవరాలు భీష్మించుకుంది. ఆ ఊఁ ఒక్కటే రావడం లేదు.

ఈలోగా నానమ్మకి ప్రాణం మీదికొచ్చింది. కడుపు ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఉండగా నెత్తుట్లోకి క్రిమి చేరింది. ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని మొండి క్రిమి. ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూశారు. జ్వరం దిగలేదు, బీపీ నిలవలేదు. ఒంట్లో ఓపిక లేదు గానీ ఆవిడకి తెలివి మాత్రం పోలేదు. ఏం ఎక్కిస్తున్నా, అదేమిటో ఎక్కణ్ణించి వచ్చిందో డాక్టరమ్మ చెవి దగ్గర వంగి చెప్పే ఎక్కించేది. కొడుకు బయట బెంచీ మీద కూర్చుని, ఎవరు పలకరించినా తలూపేవాడు. చివరికి ప్రత్యేకంగా ఓ మందు తెప్పించి ఎక్కించారు. అది పని చేసింది. లేచి కూర్చోగానే నానమ్మ నర్సుతో అన్న మొదటి మాట, “చేతులు కడుక్కున్నావా తల్లీ?” అది విని కోడలు ఐసీయూ తలుపు బయట ఏడుస్తూనే నవ్వింది.

సాయంత్రం సీసాల అబ్బాయి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఇంకా తడి ఆరని ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

“గోళ్ళ సందులు?” అంది నానమ్మ.

“కడిగాను నానమ్మగారూ.” చేతులు చాపి చూపించాడు.

“ఇవాళ ఏ కాలువ?”

“ఆసుపత్రి వెనకది.”

“సెలవు రోజు కూడా వదలవన్నమాట.”

కోడలు టీలు తెచ్చింది. నానమ్మ వెనక్కి ఆనుకుని, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే కథ మొదలుపెట్టింది.

“నాకెక్కించింది మామూలు మందు కాదట బాబూ. క్రిమిని వెతికి పట్టుకు తినేసే ఇంకో బుల్లి క్రిమిట. వేటకుక్క అనుకో. ఆ మొండిదాన్ని తరిమి తరిమి తినేసింది.”

“అలాగా నానమ్మగారూ.”

“ఎంత శుభ్రమైన చోట పుట్టి ఉంటుందో కదా. ఏ కొండ మీదో, ఏ మంచునీళ్ళలోనో.”

కొడుక్కి పొలమారింది. కోడలు అతని నెత్తి మీద తట్టింది.

“నానమ్మా, ఆ మందు...” అంది మనవరాలు.

“టీ చాలా బాగుందండీ,” అన్నాడు అబ్బాయి, కోడలి వైపు తిరిగి కాస్త గట్టిగానే.

“ఆ మందుకేమయిందే?”

“ఏం లేదు. దాని పుణ్యమా అని మమ్మల్నందర్నీ మళ్ళీ దులిపేస్తున్నావు అంటున్నా.”

నానమ్మ కులాసాగా నవ్వింది. “అలాంటి మందు తెచ్చినవాడొస్తే కళ్ళు మూసుకుని పిల్లనిచ్చేస్తాను. సీసాలు ముంచేవాళ్ళకి మాత్రం ఇవ్వను. ఏమంటావు బాబూ?”

అబ్బాయి ఖాళీ కప్పు తీసుకుని లేచాడు.

“మీ మనవరాలు, మీ ఇష్టం నానమ్మగారూ. కప్పు నేనే కడిగి పెట్టనా?”

“రెండుసార్లు కడుగు.”

రెండుసార్లూ కడిగి, బోర్లించి, చెప్పి వెళ్ళిపోయాడు.

మనవరాలు కుర్చీని పెరట్లోకి లాక్కెళ్ళబోయింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“దాన్ని అక్కడే ఉండనీ. మీరంతా ఇలా రండి,” అంది నానమ్మ.

ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. ఆవిడ గొంతు పెంచలేదు.

“ఈ పెళ్ళి నాకిష్టమే. వచ్చే నెలలో చేసేయండి.”

కొడుకూ కోడలూ మొహమొహాలు చూసుకున్నారు. మనవరాలు నానమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

“జ్వరం లేదులేవే. వచ్చినప్పుడల్లా తిట్టాను. తడి కుర్చీలో కూర్చోబెట్టాను. ఇవాళ ఎదురుగానే ఆశ కూడా పెట్టాను. ఒక్క మాటతో నా నోరు మూయించి నిన్ను చేసుకోవచ్చు. ఆ మాట అనలేదు. ఇంకా ఏం చూడాలి?”

“ఏ మాట అత్తయ్యా?” అంది కోడలు, ఏమీ ఎరగనట్టు.

“నన్ను బతికించిన ఆ వేటకుక్క దొరికింది అతని కాలువ నీళ్ళలోనేనని.”