ఇంటిపేరు

"మీ పేరు చెప్పండి," అని డాక్టరమ్మ మూడోసారి అడిగింది. ఫోల్క్‌మార్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

పక్కనున్న భార్య హైడ్రున్‌కు ఉండబట్టలేదు. "తలతోనే ఎనభై గోల్స్ కొట్టిన మనిషండీ. పేరు తెలియకపోవడమేంటి? ఉండండి, నేనడుగుతాను."

జర్మనీలో ఫుట్‌బాల్ ఆటలో గోల్ పడితే మైకులో ఆటగాడి పేరొక్కటే పిలుస్తారు, ఇంటిపేరు జనం అరవాలి. ఫోల్క్‌మార్ ఆట మానేసేదాకా, పదకొండేళ్లు, ఆమె ఆ అరుపుల మధ్యే కూర్చుంది.

హైడ్రున్ లేచి నిలబడి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని మైకులో మనిషిలా పిలిచింది. "గోల్ కొట్టింది మన తొమ్మిదో నంబరు... ఫోల్క్‌మార్..."

"బ్రింక్‌హోఫ్," అని ఆయన గొంతు చించుకుని అరిచాడు. ఆమె మళ్లీ పిలిచింది, ఆయన మళ్లీ అరిచాడు.

"చూశారా, మర్చిపోలేదు," అంది హైడ్రున్ డాక్టరమ్మతో, కళ్లు తుడుచుకుంటూ.

ఫోల్క్‌మార్ ఆమె కోటు అంచు పట్టుకుని మెల్లగా లాగాడు. "కూర్చోండమ్మా, వెనకవాళ్లకి కనబడదు. ఈ బ్రింక్‌హోఫ్ కుర్రాడు భలే ఆడతాడు కదూ? మీరూ అతని కోసమే వచ్చారా?"

హైడ్రున్ కూర్చుంది.

"అవునండీ," అంది. "ఒక్క ఆటా వదల్లేదు."