వదినగారి విమానం

"అక్క విమానం ఎక్కేసింది. తలుపులు కూడా మూసేశారట," అన్నాడతను, ఫోన్ ఊపుకుంటూ వంటింట్లోకి వచ్చి.

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పెళ్లయి నెలన్నర. ఇంత చల్లటి కబురు చెవిన పడి ఎన్నాళ్లయిందో.

"ఎంతసేపు ప్రయాణం?"

"మూడు వేల రెండొందల కిలోమీటర్లు. నాలుగున్నర గంటలు. ఎయిర్‌పోర్టుకు బావ వెళ్తున్నాడు."

ఆమె పొయ్యి కట్టేసి ఇల్లంతా ఒకసారి కలియజూసింది. పడకగదిలో దుప్పటి మార్చాలి. కిటికీలకు కొత్త తెరలు కట్టాలి. పెళ్లికి ఎవరో ఇచ్చిన గాజు పూలగిన్నె ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, దాన్ని బయటికి తీయాలి. అతను అప్పుడే స్టూలు కోసం పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగండి. ముందు దిగనివ్వండి. పోయినసారి ఇలాగే సంబరపడి కూర్చున్నాం."

పోయినసారి సంగతి తలుచుకుంటే ఇద్దరికీ ఇప్పటికీ గుండె జారుతుంది. పది రోజుల కిందట ఇదే విమానం సగం దూరం వెళ్లి, వాతావరణం బాగాలేదని బయలుదేరిన చోటికే మళ్లింది. ఆ రాత్రి ఆమె స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. అతను హాల్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇద్దరూ సోఫాలో భుజం భుజం ఆనించుకుని, ఫోన్‌లో విమానం బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. గోరంత పసుప్పచ్చ బొమ్మ సముద్రం మీద చీమలా పాకుతోంది. మిగిలిన దూరం రెండు వేలు. తర్వాత వెయ్యి. మధ్యలో అతను టీ పెట్టాడు. ఒకే కప్పులో ఇద్దరూ తాగారు.

పక్కింటి పిన్నిగారు తలుపులోంచి తొంగిచూసి, వాళ్ల ముఖాలు చూసి సంగతి కనుక్కుంది. వదిన మీద ఇంత ప్రాణం పెట్టుకున్న మరదల్ని తానింతవరకూ చూడలేదని మెచ్చుకుని వెళ్లింది. ఆమె తల దించుకుంది.

మిగిలిన దూరం నలభైకి వచ్చింది. ఉన్నట్టుండి బొమ్మ పక్కకి ఒరిగింది.

"తిరుగుతోందండీ."

"కంగారుపడకు. దిగడానికి ఖాళీ లేదేమో. చక్కర్లు కొడుతోంది."

"మళ్లీ వెనక్కి పంపేస్తే?"

అతను ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆమె గోళ్లు అతని ముంజేతిలో దిగబడ్డాయి. అతనికి ఆ నొప్పే తెలియలేదు.

మూడో చుట్టు సగంలో బొమ్మ తిన్నగా సాగింది. కిందికి జారింది. ఆగింది.

ఫోన్ మోగింది. బావ.

"దిగింది. పెట్టెల కోసం నిలబడింది," అన్నాడు బావ. ఆ గొంతు కాస్త నీరసంగా ఉంది.

అతను ఫోన్ సోఫాలోకి విసిరేసి, ఆమెను అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"రేపు మధ్యాహ్నం దాకా ఎవరొచ్చినా తలుపు తీసేది లేదు," అని ప్రకటించి, హాల్లో ఉన్న తన దిండు చంకన పెట్టుకుని, నెలన్నర మకాం తర్వాత అక్క ఖాళీ చేసి వెళ్లిన పడకగదిలోకి నడిచాడు.