వైరు దొంగ

తెల్లవారుతుండగా మురళీకృష్ణ మొక్కజొన్న చేను గట్టు మీద ఒక ఆడమనిషి కనిపించింది.

చేతిలో ఎండు వెదురుకర్ర. ఆ కర్రతో కరెంటు లైనుకు తగిలించిన కొక్కెం లాగేసి, చేను చుట్టూ కట్టిన వైరును చుట్ట చుడుతోంది.

చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఆ చేను. రాత్రిపూట అడవిపందులు పడకుండా వైరుకు కరెంటు పెడతారు. మనుషులు తిరగకముందే తీసెయ్యాలి. మురళీకృష్ణ లేచేసరికి చాలాసార్లు పొద్దెక్కేది. ఆ రోజే పెందలాడే వచ్చాడు.

ఎవరమ్మా అని కేకేస్తే వినపడే దూరమే. కేక వెయ్యాలనిపించలేదు. ఫోన్ తీసి వీడియో తియ్యాలనిపించింది.

ఆమె వైరు చుట్టను గట్టు మీదే పెట్టి, ఉత్త చేతులతో వెళ్లిపోయింది.

వీడియోలో ఆ ముక్క కత్తిరించాడు. చుట్ట చేతిలో ఉన్నంతవరకే ఉంచి, ‘మా చేలో వైరు దొంగ’ అని పెట్టాడు.

ఎప్పటినుంచో అతను పంటల వీడియోలు పెడుతున్నాడు. చుట్టాలు తప్ప చూసేవాళ్లు లేరు. ఇది మాత్రం మధ్యాహ్నానికి మండలమంతా తిరిగింది. సాయంత్రానికి ఖమ్మం దాటింది.

చేతులు విరగ్గొట్టాలని ఒకరు రాశారు. గుండు గీయించి ఊరంతా తిప్పాలని ఇంకొకరు.

గుండు మాట రాసింది సెంటర్లో టీకొట్టు పగిడయ్య. ఎదురుగా ఉంటే గట్టిగా మాట్లాడటం కూడా తెలియని మనిషి.

మురళీకృష్ణ అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్ చూసి నవ్వుకున్నాడు. ఏం కూరో చెప్పండి చూద్దామంది భార్య నాగలత. తల ఎత్తకుండానే వంకాయ అన్నాడు. అది బెండకాయ.

కూతురు మనోజ్ఞ ఖమ్మంలో సైకాలజీ చదువుతోంది. వీడియో చూసి ఫోన్ చేసింది.

“తీసెయ్ నాన్నా. వైరు ఎందుకు తీస్తున్నావని ఆమెనడిగావా?”

“దొంగను పట్టుకుని ఎందుకని అడుగుతారా?”

“రాసినవాళ్లలో ఒక్కడు కూడా ఆమె ముందు నిలబడి ఆ మాట అనలేడు. ముఖం కనపడదు కాబట్టి అంటారు. పక్కవాడు అన్నాడు కాబట్టి ఇంకొంచెం కలుపుతారు. నీకేమో అంతమంది చూస్తుంటే తీపిగా ఉంటుంది. ఇక మానలేవు.”

“అయితే నీ మొదటి పేషెంటును నేనేనన్నమాట,” అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఆ గట్టు మీది ఆడమనిషి టీకొట్టుకే వచ్చింది. ఈ మధ్యే పక్క ఊళ్లో చెల్లెలింటికి వచ్చి ఉండిపోయిన మనిషట. అంతకుమించి ఎవరికీ తెలియదు.

 నిన్న వేళ్లతో తిట్టినవాళ్లంతా గ్లాసుల్లోకి చూశారు. పగిడయ్య లేచి, కూసో అమ్మా, చాయ్ తాగుతవా అన్నాడు.

ఆమె కూర్చోలేదు. తిన్నగా మురళీకృష్ణ ముందుకు వచ్చింది.

“అయ్యా, ఇప్పపూలు రాలుతున్నయ్. ఆడోళ్లు చీకటితోనే నీ గట్టెంబడి పోతరు. జర జల్దీ లేసి కొక్కెం తియ్యి. నీకు కాకుంటే నన్ను తియ్యనియ్యి.”

జవాబు చెప్పాల్సిన చోట అతను ఫోన్ పైకెత్తాడు.

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె గొంతు తీసేసి, పాట కలిపి, ‘దొరికిపోయి బతిమాలుతున్న దొంగ’ అని పెట్టాడు. మొదటిదానికంటే ఎక్కువమంది చూశారు.

ఆ తర్వాత ఆమె గట్టు మీద కనిపించలేదు.

ఒక రోజు చీకటి విడవకముందే మురళీకృష్ణకు మెలకువ వచ్చింది. చేనుకు వెళ్లాలనే లేచాడు. చెప్పులు వేసుకోబోతూ ఫోన్ చూశాడు. ఇదంతా కట్టుకథ, వీడు వ్యూస్ కోసం ఆడిస్తున్న నాటకం అని ఎవరో రాశారు. మెచ్చుకున్నవాళ్లెవరూ గుర్తు రాలేదు. ఆ ఒక్క మాటే గుచ్చుకుంది. మంచం మీదే కూర్చుని జవాబు రాయడం మొదలుపెట్టాడు.

తమ కల్లంలో మిరపకాయలు ఏరడానికి వచ్చే ద్వాలి, ఇప్పపూల గంపతో గట్టు మీద వైరు పక్కనే పడి ఉందని, ఊపిరి లేదని కబురు వచ్చింది. అప్పటికి అతను ఇంకా రాస్తూనే ఉన్నాడు.

బెయిలు మీద ఇంటికి వచ్చాక ఫోన్ తెరిచాడు.

చేతులు విరగ్గొట్టాలి. గుండు గీయించి తిప్పాలి. మాటలు అవే. ఈసారి అతనికి.

పగిడయ్య ద్వాలి ఫోటో కింద దండాలు పెట్టి, ఇలాంటివాడిని ఊళ్లో ఉండనియ్యొద్దని రాశాడు.

మురళీకృష్ణకు ముద్ద దిగడం లేదు. మనోజ్ఞ వచ్చి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అయినా అతని బొటనవేలు ఖాళీ అరచేతిలో కదులుతూనే ఉంది.

ఊళ్లో ఎవరూ ఆ ఇంటి గడప తొక్కలేదు. అతను దొంగన్న ఆ వైరు మనిషే వచ్చింది.

నాగలత చేతిలోని కంచం అందుకుని, అతని ముందు పెట్టి, తానూ కింద కూర్చుంది.

“తిను అయ్యా. మెతుకు దిగది, నాకెరికే. అయినా తిను.”

అతను తల ఎత్తలేకపోయాడు. మనోజ్ఞ ఆమె పక్కన కూర్చుంది.

“నువ్వెవరమ్మా? ఆ వైరు ఎందుకు తీసేదానివి?”

ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి మనోజ్ఞే.

తల్లాడ అవతల సొంత చేలో, తన చేత్తో తగిలించిన కొక్కెం తియ్యడం మరిచిపోయి, ఆ పొద్దున తనకు చాయ్ తెచ్చిన ఒక్కగానొక్క కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, ఆ పుల్లమ్మ.